తాళం వేసిన తలుపు, తీయని తలుపు: టీకా సంకోచాన్ని కొలవడం ఎలా?

పల్స్ పోలియో ఆదివారం గడిచాక సోమ, మంగళవారాల్లో ఇంటింటికీ తిరిగే బృందాలు సుద్దముక్కతో గుమ్మం పక్కన ఏదో రాసి వెళ్ళడం తెలుగు ఊళ్ళలో అందరూ చూసిందే. ఆ రాతల్లో ముఖ్యమైనవి రెండే అక్షరాలు. ఇంట్లో అయిదేళ్ళలోపు పిల్లలందరికీ చుక్కలు పడితే ‘పీ’. ఒక్కరికి పడకపోయినా ‘ఎక్స్’. టీకా పట్ల జనం మనసు ఎలా ఉందో కొలవాలన్న ప్రయత్నం మన దేశంలో పెద్ద ఎత్తున మొదలైంది ఈ ‘ఎక్స్’ దగ్గరే.

2002లో దేశంలో 1,600 పోలియో కేసులు వచ్చాయి. అందులో 1,242 ఒక్క ఉత్తరప్రదేశ్‌వే. చుక్కలు వేయిస్తే పిల్లలకు రేపు సంతానం కలగదన్న పుకారు అక్కడి పశ్చిమ జిల్లాల్లో గట్టిగా నాటుకుపోయింది. ‘ఎక్స్’ ఇళ్ళు పెరుగుతున్నాయని లెక్కలు చెబుతున్నాయి. కానీ ఆ అక్షరం ఒక్కటే చూస్తే ఏం తెలుస్తుంది? ఇంటికి తాళం ఉండొచ్చు. పిల్లాడు మేనమామ ఊరికి వెళ్ళి ఉండొచ్చు, ఒళ్ళు కాలిపోతూ పడుకుని ఉండొచ్చు. లేదా తల్లి తలుపు సగం తీసి ‘మాకొద్దు’ అని ఉండొచ్చు. అందుకే ఆ అక్షరం పక్కన ఇంకో అక్షరం చేర్చారు: తాళం ఉన్న ఇల్లు ఒక రకం, బిడ్డ ఊళ్ళో లేని ఇల్లు ఒక రకం, జబ్బు ఒక రకం, నిరాకరణ ఒక రకం. చిన్న మార్పే గానీ పని తీరునే మార్చేసింది. తాళం ఉన్న ఇంటికి సాయంత్రం మళ్ళీ వెళితే చాలు. వద్దన్న ఇంటికి అదే కార్యకర్త పదిసార్లు వెళ్ళినా లాభం లేదు, ఆ తల్లి మాట వినే మనిషి ఎవరో వెతకాలి. మసీదు ఇమాం కావచ్చు, వీధిలో కాన్పులు చేసే ముసలమ్మ కావచ్చు.

నిరాకరణ అని రాసుకున్న ఇళ్ళలోకీ తొంగి చూస్తే అక్కడా ఒకే కారణం లేదు. కొన్ని ఊళ్ళలో జనం సూటిగానే చెప్పారు: ‘రోడ్డు వేయమంటే రారు, కరెంటు అడిగితే రారు, పిల్లలు విరేచనాలతో పోతుంటే డాక్టరు రాడు. ఈ రెండు చుక్కలకు మాత్రం నెలనెలా వస్తారేం?’ అది టీకా మీద అనుమానం కాదు, ప్రభుత్వం మీద ఉన్న బాకీ వసూలు. ఆ సంగతి అర్థమయ్యాకే 2009లో ఉత్తరప్రదేశ్, బీహార్‌లలో అతి ప్రమాదకరమైన 107 బ్లాకుల కోసం ప్రత్యేక ప్రణాళిక వేసి, చుక్కలతో పాటు పారిశుద్ధ్యం, మంచినీరు, విరేచనాలకు ఓఆర్‌ఎస్, జింకు మీద కూడా దృష్టి పెట్టారు. 2011 జనవరి 13న హౌరాలో ఒక పాపకు వచ్చిందే దేశంలో చివరి సహజ పోలియో కేసు. 2014 మార్చి 27న మన దేశం ఉన్న ఆగ్నేయాసియా ప్రాంతానికి పోలియో రహిత ధ్రువీకరణ అందింది.

టీకా సంకోచాన్ని కొలవడంలో ఉన్న చిక్కంతా ఈ కథలో ఉంది. టీకా పడకపోవడం కంటికి కనిపిస్తుంది, ఎందుకు పడలేదన్నది కనిపించదు. కనిపించేదాన్ని లెక్కపెట్టి, దానికి కనిపించని దాని పేరు పెట్టేస్తే వచ్చే అంకె ఎంత కచ్చితంగా ఉన్నా తప్పే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో ఇందుకోసమే ఒక నిపుణుల బృందాన్ని వేసింది. 2014లో ఆ బృందం ఇచ్చిన నిర్వచనంలో ముఖ్యమైన షరతు ఒకటుంది: టీకా సేవలు అందుబాటులో ఉండి కూడా వేయించుకోవడం ఆలస్యం చేయడం లేదా వద్దనడమే సంకోచం. అంటే టీకాలు వేసే నర్సు (ఏఎన్‌ఎం) పోస్టు ఏడాదిగా ఖాళీగా ఉన్న ఊళ్ళో పిల్లలకు సూదులు పడకపోతే అది సంకోచం కింద రాదు. పత్రికల్లో ‘టీకాపై విముఖత’ అన్న మాట అన్నిటికీ వాడేస్తుంటారు గానీ, విముఖత అంటే మొహం తిప్పేసుకోవడం. సంకోచం అంటే ఇంకా గుమ్మంలో నిలబడి ఉండటం. మొదటివారు కొద్దిమంది, రెండోవారు చాలామంది. మాట కలిపేస్తే మనుషులూ కలిసిపోతారు.

ఆ బృందం సంకోచానికి మూడు మూలాలు చెప్పింది. టీకా మీద, వేసేవారి మీద నమ్మకం లేకపోవడం ఒకటి. ‘ఆ జబ్బు ఇప్పుడెక్కడుంది’ అన్న నిర్లక్ష్యం రెండోది. దూరం, ఖర్చు, తీరికలేనితనం మూడోది. 2018లో జర్మనీకి చెందిన కార్నేలియా బెట్ష్ బృందం దీన్ని అయిదుకు పెంచింది: లాభనష్టాలను బేరీజు వేసుకునే తత్వం, నలుగురి కోసం వేయించుకోవాలన్న బాధ్యత వచ్చి చేరాయి. బేరీజు వేసుకునేవారిని విడిగా చూడటం మంచి ఆలోచన. ఎక్కువ ప్రశ్నలు అడిగే తండ్రిని మొండివాడని రాసుకోవడం మన దవాఖానాల్లో పాత అలవాటు. ఆయన చాలాసార్లు జవాబు దొరికితే వేయించేవాడే.

లెక్కలు ఎక్కడి నుంచి వస్తాయో చూద్దాం. అందరికీ తెలిసినది జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే. 2015–16లో దేశంలో 12 నుంచి 23 నెలల పిల్లల్లో 62 శాతం మందికి ప్రాథమిక టీకాలన్నీ పడ్డాయని తేలితే, 2019–21 నాటికి అది 76 శాతానికి చేరింది. తెలంగాణలో 79, ఆంధ్రప్రదేశ్‌లో 73 శాతం. కార్డు ఉంటే కార్డు చూసి, లేకపోతే తల్లి జ్ఞాపకాన్ని అడిగి రాసుకునే లెక్కలివి. మిగిలిన నాలుగో వంతు పిల్లల తల్లిదండ్రులంతా టీకాకు వెనకాడుతున్నారని ఈ అంకె చెప్పడం లేదు, చెప్పలేదు కూడా.

గ్రామంలో ఆశా చేతిలో ఉండే, టీకా పడాల్సిన పిల్లల జాబితాను (డ్యూ లిస్టు) దగ్గరగా చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. బుధవారం, శనివారం టీకాల రోజులు. ‘ఒకటిన్నర నెల సూది’, ‘రెండున్నర నెలలది’, ‘మూడున్నర నెలలది’ అంటూ ఊళ్ళో తల్లులు చెప్పుకునే పెంటావాలెంట్ (అయిదు జబ్బులకు కలిపి వేసే టీకా) మూడు డోసులకు ఎవరెవరు రావాలో అందులో పేర్లుంటాయి. ఒక పేరు ఎదురుగా వరుసగా మూడు వారాలు ఖాళీ. కారణం వెతికితే, తొలి కాన్పు పుట్టింట్లో అయింది, తల్లీ బిడ్డా అక్కడే ఉన్నారు. పాప పేరు అత్తగారి ఊరి జాబితాలో ఉంది, సూదులు పుట్టింటి ఊళ్ళో పడుతున్నాయి. లేదా సూది పుట్టింట్లో పడింది, కార్డు అక్కడి బీరువాలో ఉండిపోయింది. ఇంకో పేరు పాలమూరు నుంచి ముంబైకి వలస వెళ్ళిన కుటుంబానిది. వేరొకటి మిరపకోతల కోసం ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి నెల తిరక్కుండా వెళ్ళిపోయినవారిది. ఈ ఖాళీలన్నీ పైకి వెళ్ళేసరికి ఒకే గడిలో ఒకే అంకెగా మారతాయి. ఆ అంకెను చూసి జిల్లాలో అవగాహన సదస్సులు పెడతారు. అవగాహనకు కొదవే లేని ఇళ్ళకు అవగాహన పంచడం ఎంత వృథా!

డోసుల వరుసలో మాత్రం కొంత జాడ దొరుకుతుంది. ఒక్క టీకా కూడా అందని బిడ్డ ఉన్న ఇల్లు దాదాపుగా ఆరోగ్య సేవలే చేరని ఇల్లు, లేదా పూర్తిగా తలుపు మూసిన ఇల్లు. మొదటి డోసు వేయించి ఆగిపోయిన ఇల్లు వేరు. ఆ తల్లి ఒకసారి వచ్చింది. తర్వాత ఏదో జరిగింది. తొడ వాచి గడ్డ కట్టి బిడ్డ రెండు రాత్రులు ఏడ్చి ఉండొచ్చు, జ్వరం వస్తుందని ముందే ఎవరూ చెప్పకపోయి ఉండొచ్చు. ఈ రెండో రకం తల్లులనే సంకోచం గురించి మొదట అడగాలి. వారి దగ్గర చెప్పడానికి నిజంగా ఒక అనుభవం ఉంటుంది.

పడని టీకా వెనుక సంకోచం లేకపోవచ్చు అన్నట్టే, పడిన టీకా వెనుక సమ్మతి లేకపోవచ్చు. దీనికి తెలుగు నేల మీదే మరచిపోలేని ఉదాహరణ ఉంది. 2009 జులైలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకాను 10 నుంచి 14 ఏళ్ళ బాలికలకు ప్రయోగాత్మక పథకంగా ఇచ్చారు. సుమారు 14,000 మంది ఆ పరిధిలోకి వచ్చారు. కొందరు బాలికల మరణాల వార్తలతో 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆగిపోయింది. పాముకాటు, పురుగుమందు, నీట మునగడం, మలేరియా వంటివి మరణ కారణాలుగా తేలాయి. వాటికి టీకాతో సంబంధం కనిపించలేదు. కానీ విచారణల్లో ఇంకో సంగతి బయటపడింది. ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించి పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలున్నాయి, 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలున్నాయి. 2013 ఆగస్టులో పార్లమెంటరీ స్థాయీ సంఘం తన నివేదికలో దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది.

ఇప్పుడు కొలత సంగతి ఆలోచించండి. ఆ హాస్టల్ పిల్లలకు సూది పడింది. లెక్కల్లో వారు ‘స్వీకరించినవారు’. సంకోచం సున్నా. గూడెంలో ఉన్న తల్లిదండ్రులకు విషయమే తెలియదు, తెలిశాక కలిగిన భయం ఏ రిజిస్టర్‌లోనూ లేదు. ఆ భయం చాలా ఏళ్ళు నిలిచింది. క్యాన్సర్‌తో పోరాడేందుకు పనికొచ్చే ఒక మంచి టీకా పేరు చెప్పగానే ‘ఖమ్మంలో ఏం జరిగిందో తెలుసుగా’ అనే మాట వినిపించడానికి కారణం టీకా కాదు, అడగకుండా పెట్టిన సంతకం. ముందే అడిగి కొలిచి ఉంటే కార్యక్రమం నిదానంగా సాగేదేమో గానీ కుప్పకూలేది కాదు.

అడగడం అంత తేలికా అంటే అదీ కాదు. ప్రశ్నావళితో కొలిచే పద్ధతుల్లో పేరున్నది అమెరికాలోని సియాటిల్‌లో పిల్లల వైద్యుడు డగ్లస్ ఓపెల్ బృందం 2011లో ప్రచురించిన 15 ప్రశ్నల పట్టిక. జవాబులను బట్టి సున్నా నుంచి 100 వరకు మార్కులు వేస్తారు, 50 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే సంకోచం ఉన్నట్టు. ఈ పట్టిక విలువ ప్రశ్నల్లో కంటే తర్వాత చేసిన పరీక్షలో ఉంది. ఎక్కువ మార్కులు వచ్చిన తల్లిదండ్రుల పిల్లలకు నిజంగానే టీకాలు ఆలస్యమయ్యాయా అని రికార్డులతో పోల్చి చూశారు. అయ్యాయి. మనసులో మాటకూ చేతలకూ లంకె ఉందని చూపించని కొలబద్దను నమ్మకూడదు. ఆ పని చేయకుండానే బయటికొచ్చే సర్వేలు కోకొల్లలు.

ఆ లంకె ఎంత వింతగా ఉంటుందో ఫ్రాన్స్ చూపించింది. లండన్‌లో హైడీ లార్సన్ నడిపే పరిశోధన బృందం 67 దేశాల్లో దాదాపు 66,000 మందిని అడిగి 2016లో ఫలితాలు వెల్లడించింది. టీకాలు సురక్షితం కావన్నవారు ఫ్రాన్స్‌లో 41 శాతం. అన్ని దేశాల్లోకీ అదే ఎక్కువ. కానీ అదే ఫ్రాన్స్‌లో కంఠసర్పి, ధనుర్వాతం వంటి వాటి టీకాలు 95 శాతానికి పైగా పిల్లలకు పడుతూనే ఉన్నాయి. మన పక్కన బంగ్లాదేశ్‌ను చూడండి, 2018లో జరిగిన మరో అంతర్జాతీయ సర్వేలో టీకాలు సురక్షితమని దాదాపు అందరూ అన్నారు. ఫ్రాన్స్ తల్లి అపనమ్మకంతోనే వేయిస్తోంది, ఇంకో చోట తల్లి నమ్మకం ఉన్నా వేయించలేకపోవచ్చు. సర్వేకు చెప్పిన మాట ఒక సమాజం తన డాక్టర్లతో, ప్రభుత్వంతో ఎలా మాట్లాడుతుందో దాన్ని కూడా మోసుకొస్తుంది.

ఈ ప్రశ్నలు తెలుగులోకి వచ్చేటప్పుడు ఏమవుతుందో ఒక్క క్షణం ఆగి చూడాలి. ‘పూర్తిగా అంగీకరిస్తాను, కొంతవరకు అంగీకరిస్తాను, అంగీకరించను’ అంటూ అయిదు మెట్లు చదివి వినిపిస్తే, అరుగు మీద కూర్చున్న తల్లికి అది పరీక్ష పేపర్‌లా ఉంటుంది. మన దగ్గర ఎవరూ అలా మాట్లాడుకోరు. ‘టీకాలు మంచివేనా అమ్మా?’ అంటే ‘మంచివే మేడమ్, మీకంటే మాకేం తెలుసు’ అంటుంది. ‘మరి మూడున్నర నెలల సూది ఎందుకు వేయించలేదు?’ అంటే అప్పుడు వస్తుంది అసలు మాట: ‘బిడ్డకు సర్ది అయింది. మా అత్త వద్దన్నది.’ మొదటి జవాబు మర్యాద, రెండోది సమాచారం. సర్వే రాసుకునేది మాత్రం మొదటిదే. పైగా అడిగేది ఆశానో, ఏఎన్‌ఎంనో అయితే మొహమాటం ఇంకా పెరుగుతుంది. రేపు ఆమెతో మళ్ళీ పని పడుతుంది కదా. పథకాల పేర్లు కోసేస్తారేమోనన్న భయం కూడా ఉంటుంది.

ఈ మొహమాటాన్ని దాటడానికి పరిశోధకులు ఒక ఉపాయం వాడతారు. వచ్చినవారిని చీటీలు తీసినట్టు రెండు గుంపులు చేస్తారు. ఒక గుంపుకు టీకాతో సంబంధం లేని నాలుగు మాటలు చదివి, వీటిలో ఎన్ని మీకు వర్తిస్తాయో సంఖ్య మాత్రం చెప్పండి, ఏవో చెప్పొద్దు అంటారు. రెండో గుంపుకు అవే నాలుగుతో పాటు ‘టీకా అంటే నాకు భయం’ అన్న అయిదోది కలుపుతారు. రెండు గుంపుల సగటుల మధ్య తేడాయే భయపడేవారి వాటా. ఏ ఒక్కరి మనసూ బయటపడదు, ఊరి మనసు తెలుస్తుంది. ఖర్చు ఎక్కువ, చాలామందిని అడగాలి, నిజమే. అయినా సూటి ప్రశ్నకు వచ్చిన జవాబును దీనితో పోల్చితే మొహమాటం ఎంత ఉందో కూడా తేలిపోతుంది.

ఎంతమందిని అడిగారన్నది పెద్ద విషయమని అనిపిస్తుంది. ఎవరిని అడిగారన్నది అంతకంటే పెద్దది. 2021లో అమెరికాలో కోవిడ్ టీకా మీద ఫేస్‌బుక్ ద్వారా వారానికి దాదాపు 2,50,000 మంది జవాబులతో ఒక భారీ సర్వే నడిచింది. ఆ మే నెలలో కనీసం ఒక డోసు వేయించుకున్న పెద్దల వాటాను అది ప్రభుత్వ లెక్క కంటే 17 శాతం పాయింట్లు ఎక్కువ చూపించింది. కేవలం 1,000 మందిని జాగ్రత్తగా ఎంచుకుని అడిగిన మరో సర్వే నిజానికి చాలా దగ్గరగా వచ్చింది. ఆ ఏడాది చివర్లో నేచర్ పత్రికలో వచ్చిన విశ్లేషణ ప్రకారం, ఆ లక్షల జవాబుల సర్వేలో ఉన్న సమాచారం యాదృచ్ఛికంగా ఎంచుకున్న పది మందిని అడిగినదానికి సమానం. సర్వేకు జవాబిచ్చే ఓపిక ఉన్నవారూ టీకా వేయించుకునేవారూ చాలావరకు ఒకరే కావడం దీనికి మూలం. మన దగ్గర వాట్సాప్ లింకుతో, గూగుల్ ఫారంతో చేసిన ‘సర్వే’ల శీర్షికలు చూసినప్పుడల్లా ఈ పది మంది గుర్తుకు రావాలి.

ఒకసారి కొలిచి వదిలేస్తే కూడా చాలదు. ఫిలిప్పీన్స్‌లో 2015లో టీకాలు సురక్షితమని గట్టిగా నమ్మేవారు 82 శాతం. ఎనిమిది లక్షల మందికి పైగా పిల్లలకు డెంగ్యూ టీకా వేశాక, 2017 నవంబరులో, అంతకు ముందు డెంగ్యూ రాని పిల్లల్లో అది జబ్బును తీవ్రం చేసే ప్రమాదం ఉందని తయారీ సంస్థే ప్రకటించింది. 2018లో మళ్ళీ అడిగితే ఆ 82 కాస్తా 21 అయింది. మరుసటి ఏడాది అక్కడ తట్టు పెద్ద ఎత్తున ప్రబలింది. డెంగ్యూ టీకా మీద కలిగిన కోపం తట్టు టీకా మీద కూడా పడింది. 2015 నాటి కొలత చేతిలో ఉండబట్టి ఈ పతనం లోతు తెలిసింది. తెలుగు రాష్ట్రాల్లో 2017 ఆగస్టులో తట్టు–రుబెల్లా టీకా కార్యక్రమం మొదలవడానికి ముందు ఇలాంటి కొలత జిల్లాల వారీగా తీసి ఉంచుకుని ఉంటే ఎంత ఉపయోగపడేదో!

సగటులు దాచే సంగతి కూడా ఒకటుంది. తట్టును ఆపాలంటే సుమారు 95 శాతం మందికి రక్షణ ఉండాలి. జిల్లా మొత్తానికి 95 వచ్చినా, మిగిలిన అయిదు శాతం పిల్లలు ఒకే బస్తీలో, ఒకే గూడెంలో ఉంటే అక్కడ తట్టు అంటుకుంటుంది. సంకోచం వీధి వీధికీ వేరుగా ఉంటుంది, ఎందుకంటే మాట పాకేది వీధిలోనే.

2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త ప్రశ్నలను సిఫార్సు చేసింది. మనసులో ఏముంది, చుట్టూ ఉన్నవారు ఏమంటున్నారు, వేయించాలని ఉందా అన్న వాటితో పాటు ఆచరణలో వచ్చే ఇబ్బందుల మీదా అంతే బరువు పెట్టింది. అందులో రెండు ప్రశ్నలు మన ఊళ్ళ కోసమే రాసినట్టుంటాయి. బిడ్డను టీకాకు తీసుకెళ్ళాలంటే మీరు ఎవరి అనుమతైనా అడగాలా? టీకాకు తీసుకెళ్తే ఎప్పుడైనా వేయకుండా వెనక్కి పంపారా?

మొదటి ప్రశ్న ‘మా అత్త వద్దన్నది’ అన్న మాటకు చోటిస్తుంది. అప్పుడు మాట్లాడాల్సింది కోడలితో కాదు, అత్తతో. రెండోది ఇంకా పదునైనది. క్షయకు వేసే బీసీజీ టీకా సీసాలో 10 డోసులుంటాయి. ఒకసారి కలిపాక నాలుగు గంటల్లో వాడేయాలి, లేకపోతే పారేయాలి. ఒక్క బిడ్డ వచ్చినా సీసా తెరవాలనే నిబంధన ఉంది. అయినా మందు వృథా లెక్క ఎవరు చెప్పుకుంటారన్న భయంతో ‘ఇంకో నలుగురు వస్తే వేస్తాం, వచ్చే బుధవారం రామ్మా’ అనడం జరుగుతూనే ఉంటుంది. ఆ తల్లి ఒక రోజు కూలి వదులుకుని, ఎండలో బిడ్డను చంకనేసుకుని వచ్చింది. వచ్చే బుధవారం నాట్లున్నాయి. ఆ రోజు రిజిస్టర్‌లో ఆమె బిడ్డ పేరు ఎదురుగా రాసే మాట: ‘రాలేదు’.